ఇరవై నాలుగు గంటల డబ్బా

జూలై 28, సోమవారం

ఇది సోని కాలేజీ నోటుబుక్కు. ముందు పదిహేను పేజీలు దాని రాత. మొదటి పేజీల్లో అక్షరాలు గీత మీద కూర్చున్నాయి. పదో పేజీకి గీత దిగిపోయాయి. పదిహేనో పేజీలో ఏం రాసిందో రాసిన పిల్లే చదవలేకపోయింది. ఆ తర్వాత అన్నీ ఖాళీ పేజీలు. ఇవి నావి.

"ఇంటికాడ ఏం చూస్తే అది రోజూ రాసిపెట్టమ్మా" అంది డాక్టరమ్మ. ఆమెకి చూపించేది వేరే కాగితం. చేయి ఎన్నిసార్లు వణికింది, ఎన్నిసార్లు పడింది, నీళ్లు మింగితే పొలమారిందా, అవన్నీ దానిలో ఉంటాయి. ఇది ఎవరికీ చూపించను. నేను ఆశ్రమ బడిలో ఐదు దాకా చదివాను. తప్పులు పోతే పోనీ.

ఖమ్మం పోయాం. నేను, పిల్లల తండ్రి సోమ్లా, సోని, ఆశా వర్కరు సుశీలమ్మ. నరాల డాక్టరమ్మ సోనిని పేరు రాయమంది. రెండక్షరాలు. రాసేసరికి పిల్ల నుదుటి మీద చెమట పట్టింది. నోటి పక్కన కారితే నేను కొంగుతో తుడవబోయాను. సోని నా చేయి నెట్టేసి తనే తుడుచుకుంది. పదిహేడేళ్ల పిల్ల.

"ఇంట్ల ఇంకెవరికన్న గిట్ల అయిందా?"

"లేదు" అన్నాను.

"పిల్లలు ఎంతమంది?"

"ఇద్దరు. పెద్దోడు లాలు పోయిండు. రెండేండ్లాయె."

"ఎట్ల పోయిండమ్మా?"

నేను నోరు తెరిచేలోపే సోమ్లా అందుకున్నాడు. "తాగి తాగి లివర్ ఖరాబైంది మేడం. పంతొమ్మిదేండ్లకే."

తాగి! కన్న తండ్రి నోటితో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు! కుర్చీలో నుంచి లేచి ఆయన నోరు మూద్దామనుకున్నాను.

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "పంతొమ్మిదేండ్లకు లివర్ పోయేటంత తాగిండా? ఎప్పటిసంది తాగిండు? నువ్వు చూసినవా?"

"అంటే... అందరూ అన్నరు మేడం. దవాఖానాల గూడ గదే రాసిచ్చిండ్రు."

అందరూ! ఆ అందరిలో ఒక్కడైనా వాడికి పోసింది చూశాడా? కళ్లు పచ్చబడ్డాయి, కడుపు ఉబ్బింది, నడక తూలింది. అంతే, తాగుబోతు. మందు రాసే చేతితోనే డాక్టరు ఆ మాట రాసి పారేశాడు. నా కొడుకు ఒట్టేశాడు. నేను నమ్మాను. వాడి మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు.

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. సోని కేసి చూస్తూ చెప్పింది. ఇది రెండు మూడు జబ్బుల్లో ఏదైనా కావచ్చట. "ఒకటైతే మందుంది. ఇడువకుండ వాడితే పిల్ల నిలబడతది. ఇంకోటైతే..." అని ఆగి, "ముందు చూద్దాం" అంది.

మందున్న జబ్బు ఏమిటంటే, ఒంట్లో రాగి పేరుకుపోతుందట. తిన్న తిండిలోని రాగిని ఒళ్లు బయటికి పంపలేక, కాలేయంలో, మెదడులో దాచుకుంటుందట.

"మా ఇంట్ల రాగి చెంబు గూడ లేదు మేడం" అన్నాను. నిజమే గదా.

రక్తం తీసుకున్నారు. కళ్లలో రాగి రంగు గీత ఉంటే తెలిసిపోతుందని కళ్ల డాక్టరు దగ్గరకి పంపారు. ఆయన మిషను రిపేరుకు పోయిందట. టార్చిలైటు కొట్టి చూశాడు. "ఉన్నట్టే ఉన్నది. లేనట్టు గూడ ఉన్నది. నల్ల కండ్లు గదా, మిషన్ వచ్చినంక రండి, పదిహేను రోజులు." వంద మైళ్లు పోయి వినడానికి ఇదా మాట?

జూలై 30

సోని నల్లా దగ్గర పడింది. బిందె సొట్ట పోయింది. ఆడవాళ్లు లేపారు, లేపి నవ్వారు. "లాలు చెల్లె గదనే" అంది ఒకతి. ఎవరో తెలుసు. రాయను.

ఆగస్టు 1

రిపోర్టు రాలేదు.

ఆగస్టు 2

రక్తం రిపోర్టు వచ్చింది. ఏదో తక్కువగా ఉందట, కానీ అదొక్కటి చాలదట. ఒక దినం మూత్రమంతా పట్టి ఇవ్వాలి. సుశీలమ్మ ఖమ్మం ల్యాబు నుంచి తెల్ల ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది.

"బాలక్కా, మంచిగ విను. పొద్దుగాల మొదటిది పారబొయ్యాలె. దాని తర్వాతిది మొదలువెట్టి మర్నాడు పొద్దుటిది దాక అంతా ఈ డబ్బాలనే. ఒక్క చుక్క బయటికి పోవద్దు. తక్కువున్నదనుకో, ల్యాబోళ్లు మళ్ల రమ్మంటరు."

"మళ్ల అంటే?"

"ఇంకో వారం."

ఇంకో వారం అంటే వాళ్లకేం? ఈ పిల్ల చేతిలో అన్నం ముద్ద నోటికి చేరకుండా చెవి దగ్గరకి పోతుంటే ఏడు దినాలు ఎదురుగా కూర్చుని చూసేది నేను.

ఆగస్టు 4

ఇవాళ తండాలో తీజ్ మొదలు. పెళ్లి కాని పిల్లలంతా బుట్టల్లో గోధుమలు చల్లి, తండా పెద్ద నాయక్ ఇంటి ముందు మంచె మీద పెట్టారు. తొమ్మిది రోజులు మూడు పూటలా బావి నీళ్లు తెచ్చి పోయాలి. సోని కూడా బుట్ట పట్టుకుని నిలబడింది. నేనే పొమ్మన్నాను.

నాయక్ రెడ్యా మా బావగారు. ఆయన భార్య కేళి అక్క మంచె దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని ఉంది.

"బాలీ, నీ బిడ్డకు చెయ్యి నిలబడది. బుట్ట కింద పడేస్తే తండా మొత్తానికి కీడు."

"కీడు నా ఇంటికి రెండేండ్ల కిందనే వచ్చింది అక్కా. నీ గడప దాటుకుంటనే వచ్చింది. అప్పుడు ఆపకపోతివి?"

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. పిల్లలు పాట మొదలుపెట్టారు. సోని కూడా పాడింది. మాట ముద్దగా వస్తుంది గానీ పాట నయం. వింతగా లేదూ?

లాలుకి కూడా పాట బాగానే వచ్చేది చివరి దాకా. వాడిని నేను ఒక్కసారి కొట్టాను. అదీ మెల్లగా.

ఆగస్టు 6, బుధవారం

నిన్న పొద్దున మొదలుపెట్టిన డబ్బా నిండింది. ఖమ్మం పోయి ఇచ్చి వచ్చాం. ల్యాబు పిల్లగాడు పైకెత్తి చూసి "మస్తుంది" అన్నాడు.

ఆగస్టు 7

ఏమీ లేదు.

ఆగస్టు 8

సోమ్లా ఫోను చేయనంటాడు. "వాళ్లే చేస్తరు తియ్" అంటాడు. పత్తిలో కలుపు తీస్తూ పాట పెట్టుకుంటాడు. పాట! ఆయనకి గుండె ఉందో, దాని చోట ఇంకేదైనా ఉందో. నేనే చేశాను. నాలుగుసార్లు. నాలుగోసారి ఆ పిల్ల "అమ్మా, సోమవారం అని చెప్పిన గదా" అని పెట్టేసింది. చెప్తే మాత్రం? మళ్లీ అడగకూడదా? అడిగితే అరిగిపోతారా?

ఆగస్టు 9

రాఖీ. సోని ఎవరికీ కట్టలేదు.

ఆగస్టు 11, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను, సోని పోయాం. సోమ్లాని రావద్దన్నాను. ఆయన వస్తే మళ్లీ తాగి అంటాడు.

డాక్టరమ్మ కాగితం చూసింది. మళ్లీ చూసింది. "మామూలు కన్న కొంచెం ఎక్కువుంది. కని ఆ జబ్బే అని చెప్పేటంత లేదు."

"అయితే ఏమన్నట్టు?"

"ఇంకో దాని దిక్కు గూడ చూడాలె."

"ఇంకోటంటే మందు లేనిదా మేడం?"

సోని నేల చూస్తోంది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కోపం వచ్చింది. బల్ల మీద కొట్టాను. "అటు గాదు, ఇటు గాదు. కండ్ల డాక్టరు గదే అనె, నువ్వూ గదే అనబడితివి. మీ మిషన్లకు ఏం రోగం? చదువులు చదివి కూసున్నరు, ఒక్కరన్న ఒక్క మాట చెప్తరా? నా కొడుకప్పుడు జల్దీ చెప్పిండ్రు గదా, ఒక్క నిమిషంల రాసిచ్చిండ్రు!"

బయటి వాళ్లు తలుపులోంచి తొంగి చూశారు. డాక్టరమ్మ గొంతు పెంచలేదు.

"అమ్మా, డబ్బాల మొత్తం పట్టినరా?"

"అవ్. ఒక్క చుక్క పోలే."

సోని తలెత్తి నా కేసి చూసింది.

బస్టాండుకి వచ్చాం. భద్రాచలం బస్సు నిలబడి ఉంది. సీట్లు ఖాళీ. నేను ఎక్కలేదు. బెంచీ మీద కూర్చున్నాను. సోని పక్కన కూర్చుని, ఒక్కో మాట తోసుకుంటూ తెచ్చింది.

"యాడీ... డబ్బా పట్టే దినం నేను పిల్లలతోని... బావికాడనే ఒంటికి పోయిన. మూడుసార్లు. వాళ్ల ముంగట... డబ్బా పట్టుకొని... ఎట్ల పోవాలె? సిగ్గయింది."

"తెలుసు."

"మరి డబ్బా... ఎట్ల నిండింది?"

బస్సు హారన్ కొట్టింది. పోయింది. దాని పొగ పోయిందాకా చూస్తూ కూర్చున్నాను.

ఎట్లా నిండిందో రాస్తాను. బుధవారం పొద్దున చూస్తే సగానికి కూడా లేదు. తక్కువుంటే మళ్లీ రమ్మంటారు, ఇంకో వారం. నేను డబ్బా తీసుకుని పశువుల కొట్టం వెనక్కి పోయాను. మిగతాది నేను నింపాను.

నా కడుపున పుట్టిన పిల్ల. ఒకే కుండలోది తింటాం, ఒకే బావి నీళ్లు తాగుతాం. నాది వేరూ దానిది వేరూ ఎట్లా అవుతుంది అనుకున్నాను. తప్పని అనిపించలేదు. అనిపించలేదని రాస్తున్నాను గానీ కొట్టం వెనక్కి ఎందుకు పోయాను మరి? తప్పు కాని పనికి చాటు ఎందుకు?

లేచి వెనక్కి నడిచాం. సోని తూలుతుంటే నడుము పట్టుకున్నాను. ఆటోవాడు ఒకడు "పొద్దుగాల్నేనా?" అని పక్కవాడికి కన్ను కొట్టాడు. వాడి చొక్కా పట్టుకుందును గానీ పిల్లని వదిలితే పడిపోతుంది.

దవాఖానా హాలు నిండా జనం. కంపౌండరు "మళ్ల ఎందుకొచ్చినవ్?" అన్నాడు.

"మేడంకు చెప్పాలె. డబ్బాల సగం నాది."

"ఏంది నీది?"

"మూత్రం."

వాడు నవ్వాడు. వెనక బెంచీల్లో కూడా నవ్వు. నవ్వనీ. తలుపు తోసుకుని లోపలికి పోయి అదే మాట డాక్టరమ్మతో చెప్పాను.

ఆమె నవ్వలేదు. "ఎందుకు పోసినవమ్మా?"

"తక్కువైతే తీస్కోరన్నరు. నా బిడ్డే గదా, నాదీ దానిదీ వేరా అనుకున్న."

"వేరేనమ్మా" అంది మెల్లగా. "ఆ వేరేది ఎంతున్నదో చూసేటందుకే గదా ఈ పరీక్ష." కాగితాన్ని పక్కకి నెట్టింది. "మంచిగ చెప్పినవ్. చెప్పకపోతే నేను ఇంకో దారి పట్టుకొని పోతుంటి. పిల్లకు ఆర్నెల్లు పోయేటియి."

తిడుతుందని పోయాను. నాలుగు తిట్లు తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని. ఆమె కొత్త డబ్బా ఇచ్చింది. అంతే. ఆర్నెల్లు. నేను చేసిన పనికి ఆర్నెల్లు.

ఆగస్టు 12, మంగళవారం

తీజ్ చివరి దినం. వాగులో బుట్టలు వదిలే దినం. ఒక రోజు ఆగుదాం అన్నాడు సోమ్లా. ఆగను అన్నాను. పొద్దున మొదటిది పారబోయించి, డబ్బా సంచిలో పెట్టుకుని సోని వెంట బయలుదేరాను. అది ఎటు పోతే అటు. మంచె దగ్గర, బావి దగ్గర, డప్పుల మధ్య. దానికి వచ్చినప్పుడల్లా చెట్టు చాటుకి తీసుకుపోయి, నేను కొంగు అడ్డం పట్టి నిలబడ్డాను. రెండోసారికి సోని సిగ్గుపడడం మానేసింది. మూడోసారి నవ్వింది. "యాడీ... నువ్వు పోలీసోని లెక్క... నిలబడ్డవ్" అంది.

కేళి అక్క కనిపెట్టేసింది. "ఛీ! దేవుని ముంగట ఆ గలీజు సంచి పట్టుకొని తిరుగుతవా? నీకు సోయి ఉన్నదా?"

"సోయి ఉన్నది కాబట్టే తిరుగుతున్న. దేవునికి కోపమొస్తే నాకు చెప్పమను, నీకెందుకు చెప్తడు?"

"నాయక్‌ను పిలుస్త."

"పిలువు. వచ్చి పట్టుకొమ్మను, నాకు చెయ్యి గుంజుతున్నది."

డప్పు కొట్టే పిల్లలు ఫక్కున నవ్వారు. రెడ్యా బావ వచ్చాడు, సంచి కేసి చూశాడు, సోని కేసి చూశాడు. "నడువుండ్రి, వాగుకు పొద్దు పోతున్నది" అని ముందు నడిచాడు.

వాగు దగ్గర అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడుగుతారు. సోని వంతు వచ్చింది. ఎవరూ కదలలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ రెండు నిమిషాలు వాళ్లని నేను జన్మలో క్షమించను. సంచి సోమ్లా చేతిలో పెట్టి నేనే కూర్చుని కడిగాను. తల్లి కడగకూడదని ఎవరో గొణిగారు. కడిగాను. కుడి పాదం నా చేతుల్లో వణుకుతూనే ఉంది.

ఆగస్టు 13

డబ్బా ఇచ్చి వచ్చాం. అంతా సోనిదే. నిండలేదు. నిండనక్కరలేదట, ఉన్నదంతా ఉంటే చాలట. ఆ మాట అప్పుడే ఎవరైనా చెప్పి చావచ్చు గదా.

ఒక అబద్ధం బయటపెట్టాను కాబట్టి రెండోదీ చెప్పేస్తాను. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

లాలు ఒక రోజు మిర్చి చేనుకి సద్ది తెచ్చాడు. ఎనిమిది మంది కూలీలు. గట్టు మీద కాళ్లు తూలి గిన్నె మొత్తం బురదలో పోసుకున్నాడు. ఆడవాళ్లు నవ్వారు. "పొద్దుగాల్నే ఏసుకొచ్చిండే నీ కొడుకు." "తాగలే యాడీ, కాలు మాట ఇంటలేదు" అన్నాడు. నేను దగ్గరకి పిలిచి, మెడ పట్టుకుని, నోరు వాసన చూశాను.

ఏ వాసనా లేదు. ఉల్లిపాయ వాసన తప్ప.

అయినా కొట్టాను. పత్తి కట్టె విరిగిందాకా. వాళ్లంతా చూస్తున్నారు కాబట్టి కొట్టాను. వాసన లేదని వాళ్లకి చెప్పలేదు. వాడు చేయి అడ్డం పెట్టుకోలేదు. చేయి లేవలేదేమో. నేను అనుకున్నాను, మొండి వెధవ, తప్పు ఒప్పుకుని నిలబడ్డాడని.

సోమ్లాని తిడతాను, డాక్టరుని తిడతాను, కేళిని తిడతాను. వాళ్లెవరూ వాడి నోరు వాసన చూడలేదు.

ఆగస్టు 15

జెండా పండగ. ల్యాబు బంద్.

ఆగస్టు 16

సోని రెండుసార్లు పడింది. మింగేటప్పుడు పొలమారింది. డాక్టరమ్మ కాగితంలో రాశాను.

ఆగస్టు 17

సోమ్లా పొద్దున్నే నా దగ్గరకి వచ్చి కూర్చున్నాడు. "రెండోదే అయితే ఎట్ల బాలీ?" అన్నాడు. పాటలు పెట్టుకునే మనిషి. తిడదామని చూస్తే ఆయన గడ్డం తెల్లబడి ఉంది. ఎప్పుడు తెల్లబడిందో చూడలేదు. తిట్టలేదు.

ఆగస్టు 19, మంగళవారం

ముగ్గురం పోయాం. కళ్ల మిషను వచ్చింది. సోని గడ్డం ఆనించి కూర్చుంటే ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను కూడా రమ్మని అద్దంలో చూడమన్నాడు. నల్లగుడ్డు చుట్టూ అంచున సన్నగా, కుంకుడు రంగు గీత. రెండు కళ్లలోనూ. పదిహేడేళ్లు ఆ మొహంలోకి చూశాను, నాకు కనిపించలేదు.

డాక్టరమ్మ దగ్గర డబ్బా రిపోర్టు సిద్ధంగా ఉంది. ఉండాల్సిన దాని కంటే ఎన్నో రెట్లు.

"మందున్నదే అమ్మా" అంది. "రాగిదే."

సోమ్లా అక్కడే ఏడ్చాడు. ఆడదానిలా అని నేను అనలేదు. సోని "నయమైతదా?" అంది. డాక్టరమ్మ దాచలేదు. మొదట్లో కొంచెం ఎక్కువ కావచ్చు, నెలలు పడుతుంది, చేతిరాత మొత్తం తిరిగి రాకపోవచ్చు, జన్మంతా గోళీలు ఆపకూడదు. "కని బతుకుతవ్. మంచిగ నడుస్తవ్."

నేను లాలు సంగతి అడిగాను. కామెర్లు, కడుపు ఉబ్బడం, కాళ్లు తూలడం, మాట ముద్దగా రావడం అన్నీ చెప్పాను. ఆమె విన్నది.

"అదే కావచ్చమ్మా. మస్తు కావచ్చు. కని పరీక్ష చెయ్యకుంట నేను ఖాయంగ చెప్పలేను."

వాడిది ఇక ఎవరూ చెప్పలేరు.

"ఈ మందు కొత్తగ వచ్చిందా మేడం? రెండేండ్ల కింద లేకుండెనా?"

"నువ్వు పుట్టకముందుసంది ఉన్నదమ్మా."

పుట్టకముందు నుంచి! నేను పుట్టకముందు, నా పెళ్లి కాకముందు, వాడు నా కడుపున పడకముందు నుంచి ఏ అర మీదో కూర్చుని ఉంది. నా కొడుకు కడుపు ఉబ్బి మంచంలో ఉన్నప్పుడు కూడా ఉంది. ఒక్కరు, ఒకే ఒక్కరు వాడి కళ్లలోకి సరిగ్గా చూసి ఉంటే. నాతో సహా.

ఆగస్టు 21, గురువారం

గోళీలు ఖమ్మంలో లేవు. హైదరాబాదు నుంచి నిన్న సాయంత్రం వచ్చాయి. సుశీలమ్మ తెచ్చి ఇచ్చింది. పరగడుపున వేయాలి. వేశాక గంట దాకా ఏమీ తినకూడదు.

పొద్దున ఏడుకి వేశాను. పొలమారకుండా మింగింది.

అన్నం వండి ఉంది, పప్పు వండి ఉంది. సోని పొయ్యి దగ్గరకి వచ్చి "ఆకలైతుంది యాడీ" అంది. సోమ్లా కంచం తీశాడు. "పాపం, పిల్ల ఆకలంటున్నది గదనే, రెండు ముద్దలు పెట్టు."

"పెట్ట. కంచం ఆడ పెట్టు" అని అరిచాను.

"రెండు ముద్దలకు ఏమైతది?"

"ఏమైతదా? తింటే మందు పట్టది. గడియారం చూడు."

చూశాడు. సోని కూడా చూసింది. ముగ్గురం గోడ కింద కూర్చుని గడియారం కేసే చూస్తున్నాం. ఇంకా ఇరవై నిమిషాలు.